వేసవి సెలవుల్లో ఆడే పిల్లలు: ఏ టైంలో ఆడాలి, ఏం తినాలి, ఎన్ని నీళ్లు తాగాలి?

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిస్తే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఈ ఏడు వారాల్లోనే ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం దాకా ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. పెద్దవాళ్లు పొద్దున పదింటికే పనులు ముగించుకుని నీడ పట్టున చేరతారు. ఆటలాడే పిల్లలకు మాత్రం ఇదే సీజన్. సమ్మర్ క్యాంపులు, ఊరూరా క్రికెట్, వాలీబాల్, కబడ్డీ టోర్నమెంట్లు అన్నీ ఈ నెలన్నరలోనే వస్తాయి.

గురుకులంలో చదివే పిల్లల సంగతి ఇంకో రకం. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలైనా, పాల్వంచ మండలం కిన్నెరసానిలోని గిరిజన క్రీడా పాఠశాలైనా, అక్కడ లేవడం, ఆడడం, తినడం, పడుకోవడం అన్నీ గంట ప్రకారం జరుగుతాయి. ఇంటికొస్తే ఆ గంట ఉండదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్, పొద్దున పదింటికి లేవడం, టిఫిన్‌కు బదులు చాయ్ బిస్కెట్, సాయంత్రం నాలుగింటికి మండుటెండలో గ్రౌండ్. సాధన పూర్తిగా ఆపేస్తే రెండు మూడు వారాల్లోనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. అలాగని ఒక్కసారిగా ఎండలోకి దూకితే ప్రాణానికే ముప్పు. ఈ రెండింటికీ మధ్య దారి ఉంది. దానికి పెద్ద ఖర్చేం కాదు, ఇంట్లో ఒక టైంటేబుల్, వంటింట్లో కొంచెం శ్రద్ధ ఉంటే చాలు.

భద్రాచలం అమ్మాయి, నిజామాబాద్ అమ్మాయి

ఈ గాలిలోనే పుట్టిన గొంగడి త్రిష సంగతి జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. 2005లో భద్రాచలంలో పుట్టింది. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మలేషియాలో జరిగిన అండర్ 19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి, 7 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్‌గా నిలిచింది. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో చేసిన 110 పరుగులు ఆ టోర్నీ చరిత్రలోనే మొదటి సెంచరీ. ఆమె తండ్రి ఫిట్‌నెస్ ట్రైనర్. పాప ఆట కోసం కుటుంబం ఊరు వదిలి సికింద్రాబాద్‌కు మారింది. ఆటలో ప్రతిభతో పాటు ఒంటిని చూసుకునే పద్ధతి చిన్నప్పటి నుంచే ఇంట్లో ఉండడం ఎంత ముఖ్యమో ఆమె ప్రయాణం చెబుతుంది.

రెండో ఉదాహరణ హెచ్చరిక లాంటిది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం 50 కిలోల విభాగంలో పతకం దాకా చేరకుండానే ఓడిపోయింది. బరువు పెరగకుండా చూసుకోవడానికి బౌట్‌కు ముందు రెండు రోజులు తిండి, నీళ్లు మానేశానని, కోలుకునే టైం దొరకలేదని ఆమే విలేకరులకు చెప్పింది. అదే ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ కేవలం 100 గ్రాములు ఎక్కువ ఉందని ఫైనల్‌కు ముందు అనర్హురాలైంది. వాళ్ల చుట్టూ డాక్టర్లు, డైటీషియన్లు ఉంటారు. అయినా అంత కష్టమైంది. జూనియర్ కబడ్డీలో, బాక్సింగ్‌లో, రెజ్లింగ్‌లో బరువు పరిమితి ఉంటుంది కాబట్టి మన ఊళ్లలో పదిహేనేళ్ల పిల్లలు కూడా సెలెక్షన్ ముందు ఉపవాసాలు చేస్తున్నారు, ఎండలో స్వెట్టర్ వేసుకుని పరుగెత్తుతున్నారు. ఎదిగే వయసులో, ఈ ఎండల్లో అది చాలా ప్రమాదం. కోచ్ చెప్పినా సరే తల్లిదండ్రులు ఒప్పుకోకూడదు. బరువు సరిపోకపోతే పై విభాగంలో ఆడించాలి.

ఆట ఏ టైంలో?

తునికాకు కోసేవాళ్లను చూస్తే చాలు. చీకటితోనే అడవికి వెళ్తారు, ఎండ ముదరకముందే కట్టలతో ఇల్లు చేరతారు. ఆటకూ అదే పద్ధతి. ఫజర్ నమాజు అయ్యాక 5:15 నుంచి 7:15 వరకు అసలు ప్రాక్టీస్. సాయంత్రం అసర్ అయిన వెంటనే కాకుండా 5:30 తర్వాత మొదలుపెట్టి మగ్రిబ్ అజాన్ వరకు తేలికపాటి ఆట. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా గ్రౌండ్ మాటే ఎత్తొద్దు.

ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలైనా, పరీక్షలని నెల రోజులు ఆపేసిన పిల్లలైనా మొదటి రోజు అరగంటతో మొదలుపెట్టాలి. రోజుకు పది నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి. జుమా రోజు పెట్టుకుంటే సులువు. పిల్లల వయసు ఎంతో, వారానికి అన్ని గంటలకు మించి కోచింగ్ ఉండకూడదనేది క్రీడా వైద్యులు చెప్పే లెక్క. పద్నాలుగేళ్లవాడికి పద్నాలుగు గంటలు చాలు.

నీళ్ల లెక్క

దాహం వేసిందంటే అప్పటికే ఒంట్లో నీళ్లు తగ్గాయన్నమాట. గ్రౌండ్‌కు వెళ్లేముందు రెండు గ్లాసులు, ఆట మధ్యలో ప్రతి 15, 20 నిమిషాలకు అర గ్లాసు పైన తాగాలి. చాలో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. ఆటకు ముందు, తర్వాత బరువు చూడాలి. అర కిలో తగ్గితే తర్వాతి రెండు మూడు గంటల్లో ముప్పావు లీటరు తాగాలి. 50 కిలోల పిల్లాడు కిలో తగ్గాడంటే ఆ రోజు నీళ్లు బాగా తక్కువైనట్టే. మూత్రం ముదురు పసుపులో వచ్చినా అదే గుర్తు.

చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం మంచివి. గంటకు మించి ఆడితే ఓఆర్‌ఎస్ వాడొచ్చు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు సమతల చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. చెంచా అంటే టీ స్పూన్. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని అసలు ఫార్ములాకు సంబంధం లేని తీపి డ్రింకులు ఏళ్ల తరబడి అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ చేసిన సుదీర్ఘ పోరాటం తర్వాత 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశాలిచ్చింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. ఎనర్జీ డ్రింకులైతే పిల్లలకు అసలే వద్దు. ఆ సంగతి డబ్బా మీదే రాసి ఉంటుంది.

కంచంలో ఏముండాలి?

ఖాళీ కడుపుతో ప్రాక్టీస్ వద్దు. ఫజర్ తర్వాత రెండు ఖర్జూరాలో, ఒక అరటిపండో చాలు. ఆట నుంచి వచ్చిన గంటలోపు గట్టి టిఫిన్ పడాలి. రెండు గుడ్లు, జొన్న రొట్టె లేదా ఇడ్లీ, ఒక గ్లాసు రాగి జావ. మధ్యాహ్నం అన్నం, ఖట్టీ దాల్ లేదా ముద్దపప్పు, ఆకుకూర, పెరుగు. సాయంత్రం ఆటకు గంట ముందు మామిడి పండో, తాటి ముంజలో, గుప్పెడు పల్లీలో, పుట్నాలో. రాత్రి భోజనం మగ్రిబ్ అయిన కాసేపటికే పెట్టేస్తే నిద్ర బాగా పడుతుంది. బిర్యానీ, దాల్చా, తలా హువా గోష్ట్ మానక్కర్లేదు. కానీ నూనె ఎక్కువున్న తిండి అరగడానికి గంటలు పడుతుంది, అందుకే ఆటకు ముందు వద్దు. 2025లో బక్రీద్ జూన్ 7న, సెలవుల్లోనే వచ్చింది. అలాంటప్పుడు పండగ మూడు రోజులు ఆట తగ్గించి, మాంసంతో పాటు కూరగాయలు, పెరుగు కూడా కంచంలో ఉండేలా చూస్తే చాలు.

జిమ్‌లో చేరగానే పిల్లలు అడిగేది ప్రోటీన్ పౌడర్. ఇక్కడ ఒకసారి లెక్క వేయాలి. ఆటలాడే 50 కిలోల పిల్లాడికి రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలి. రెండు గుడ్లలో 12, రెండు గ్లాసుల పాలు లేదా పెరుగులో 12, రెండు పూటల పప్పులో 14, వంద గ్రాముల చికెన్‌లో 20, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాములు ఉంటాయి. మొత్తం 65. అన్నం, రొట్టెల్లో వచ్చేది దీనికి అదనం. కిలో పౌడర్ డబ్బా 2,500 రూపాయలు అనుకుంటే, ముప్పై స్కూపులకు ఒక్కోటి 83 రూపాయలు పడుతుంది. అందులో ఉండే 24 గ్రాముల ప్రోటీన్ నాలుగు గుడ్లలోనే వస్తుంది. గుడ్డు ఏడు రూపాయలైనా 28 రూపాయలే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మే నెలలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం పౌడర్లు వద్దనే చెప్పింది. క్యాప్సూళ్లలో జంతువుల జెలటిన్ ఉండొచ్చు, హలాల్ అవునో కాదో తెలియదు. నిషేధిత మందులు కలిసినవి ఉంటే డోప్ పరీక్షలో పట్టుబడేది పిల్లలే.

అమ్మాయిల విషయంలో రక్తహీనత

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. కొంచెం పరుగెత్తగానే ఆయాసం, తల తిరగడం, ముఖం పాలిపోవడం ఉంటే బద్ధకమని తిట్టకుండా ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. కలేజీ, తోటకూర, మునగాకు, పెసర్లు, వాటితో పాటు నిమ్మకాయ పెట్టండి. భోజనం అవ్వగానే చాయ్ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి పట్టదు, గంట గ్యాప్ ఇవ్వాలి. తక్కువ తిని ఎక్కువ ఆడితే నెలసరి ఆగిపోవచ్చు. వరుసగా మూడు నెలలు రాకపోతే డాక్టర్‌కు చూపించాలి. హిజాబ్‌తో ఆడేవాళ్లు లేత రంగు, పల్చని, చెమట పీల్చే బట్ట ఎంచుకుంటే వేడి తగ్గుతుంది.

నిద్ర, వడదెబ్బ

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని ఫజర్‌కు లేస్తే ఏడు గంటలవుతుంది. మిగతాది జొహర్ తర్వాత గంటన్నర కునుకుతో పూర్తవుతుంది. రాత్రి ఫోన్ పెద్దవాళ్ల దగ్గర ఉంటే సగం పని అయినట్టే. ఆట అయ్యాక చల్లగా ఉంటుందని గోదావరిలో, చెరువుల్లో దిగకుండా కూడా చూసుకోవాలి.

తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండడం, కాళ్లు పట్టేయడం మొదటి గుర్తులు. వెంటనే ఆట ఆపి నీడలో కూర్చోబెట్టి నీళ్లివ్వాలి. మాట తడబడడం, పిచ్చిగా ప్రవర్తించడం, పడిపోవడం జరిగి ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, వడదెబ్బ కాదనుకోవద్దు. 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా బట్టలు వదులు చేసి, తల నుంచి కాళ్ల దాకా చల్లటి నీళ్లు పోస్తూ విసురుతూ ఉండాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. ఊరి టోర్నమెంట్ పెట్టే పెద్దలు బహుమతుల కంటే ముందు గ్రౌండ్‌లో ఒక పందిరి, రెండు డ్రమ్ముల నీళ్లు, ఐస్ ఏర్పాటు చేయాలి. అవి లేని గ్రౌండ్‌కు పిల్లల్ని పంపకపోవడమే మంచిది.