లీటరు తేనె కిలో కాదు



సాంద్రత పాఠం మనం మార్కుల కోసం బట్టీ పడతాం. కానీ అది సంతలో కూడా పనికొస్తుంది. ఎలాగో చెప్తాను.

పోయిన సెలవుల్లో మా అయ్య అడవి తేనె సంతకు తీసుకెళ్ళాడు. షావుకారు లీటరు డబ్బాతో 5 సార్లు కొలిచి, కిలో ధర లెక్కన 5 కిలోలకే డబ్బులిచ్చాడు. లీటరన్నా కిలో అన్నా ఒకటే అన్నాడు. మేమూ నమ్మేశాం.

నీళ్ళకయితే అది నిజమే. నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము. లీటరంటే 1000 ఘ.సెం.మీ. కాబట్టి లీటరు నీళ్ళు 1 కిలో. కానీ తేనె నీళ్ళకన్నా బరువు. మన ల్యాబులో 50 మి.లీ. తేనె తూస్తే 70 గ్రాములు వచ్చింది. (1 మి.లీ. అంటే 1 ఘ.సెం.మీ.)

70 ÷ 50 = 1.4 గ్రా./ఘ.సెం.మీ.
1.4 × 1000 = 1400 గ్రాములు. అంటే లీటరుకు 1.4 కిలోలు.
5 × 1.4 = 7 కిలోలు.

చూశారా! మా అయ్యకు 2 కిలోల డబ్బులు పోయాయి.

పరీక్షలో ఇదే కి.గ్రా./ఘ.మీ.లలోకి మార్చమంటారు. మీటరుకు 100 సెం.మీ. కదా అని 100తో గుణించకండి. నేను అలాగే తప్పు రాశాను. ఘన మీటరంటే 100 × 100 × 100 = 10,00,000 ఘ.సెం.మీ. కిలోకు 1000 గ్రాములు కాబట్టి దాన్ని 1000తో భాగించాలి. 1000 వస్తుంది. అందుకే 1.4ను 1000తో గుణిస్తే 1400 కి.గ్రా./ఘ.మీ.

తేనెలో నీరు ఎక్కువుంటే సాంద్రత కొంచెం తగ్గుతుంది. నూనె అయితే లీటరు కిలోకన్నా తక్కువే తూగుతుంది. అందుకని కిలో ధర చెప్తే కాటా మీద తూచమనాలి. ఇంటికెళ్ళినప్పుడు మీ వాళ్ళకి చెప్పండి. ఈసారి సంతకు అయ్యతో నేనూ వెళ్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని