గల్లల పైసలన్నీ మనయి కావు

దుకాణం నడుపుడు నాకు నేర్పింది మా అంగట్ల కూరగాయలమ్మే అవ్వలు. గిరాకి అయిపోంగనే పెట్టుబడి పైసలు కొంగున ముడేస్తరు. ఎంత అక్కరొచ్చినా ఆ ముడి ఇప్పరు. 1,000 రూపాల సరుకు 1,300కు అమ్మితే, ఆటో కిరాయి 100 పోను మిగిలిన 200లే వాళ్లయి.

తమ్ములు, చెల్లెండ్లు! ఇప్పుడు గిరాకి పైసలు ఫోన్‌పేల పడుతున్నయి. సరుకు పైసలు, ఇంటి ఖర్సు ఒక్క ఖాతాలనే కలుస్తున్నయి. 1,300 కనవడంగనే అంతా లాభమే అనిపిస్తది. గట్లనే వాడుకుంటపోతే రేపు సరుకుకు అప్పు చెయ్యాలె.

అందుకే నేను సరుకు పైసలకు ఇంకో ఖాతా తెరిసిన. రాత్రి షటర్ దించంగనే పెట్టుబడి అండ్లకు పంపుత. మోటివేషన్ వీడియో జోష్ తెల్లారేసరికి దిగిపోతది. సరుకు పైసలు చేతులుంటేనే పొద్దుగాల షటర్ లేపబుద్ధైతది.