వేడిమికి లొంగని బీజములు

పాలు ఒక పొంగు వచ్చినంతనే అందలి సూక్ష్మజీవులన్నియు నశించినవని మనము నిశ్చింతగా నుందుము. కాని వానిలో కొన్ని జాతులు, ప్రతికూల పరిస్థితులయందు దళసరి కవచమును ధరించి, తమలోని నీటిని మిక్కిలి తగ్గించుకొని, సిద్ధబీజముల రూపమున నిద్రాణస్థితిలో నుండి, మరుగుచున్న నీటిని సైతము గంటలకొలది సహింపగలవు.

ప్రాణాంతకమైన విషమును పుట్టించు క్లాస్ట్రిడియం బొటులినం అను సూక్ష్మజీవి బీజములను రూపుమాపుటకై, ఆమ్లగుణము తక్కువగల డబ్బా ఆహారమును, దాని నడిమిభాగమునకు సైతము 121 డిగ్రీల సెల్సియస్ వేడిమి సుమారు 3 నిమిషములు తగులునట్లు, ఆవిరి పీడనముతో ఉడికింతురు. అంతటి వేడిమికి రుచియు, రంగును, కొన్ని విటమినులును తరిగిపోవును.

అందుచే కొన్ని ఆహారములలో వేడిమికి తోడుగా నిసిన్ అను పదార్థమును చేర్చుచున్నారు. పాలను పులియజేయు లాక్టోకాకస్ లాక్టిస్ అను సూక్ష్మజీవియే దీనిని ఉత్పత్తి చేయును. వేడిమికి దెబ్బతినియు చావక మిగిలిన బీజము, కవచమును వీడి మొలకెత్తబోవు తరుణమున, నిసిన్ దాని పొరకు రంధ్రములు పొడిచి ఎదుగుదలను అరికట్టును. చీజు డబ్బాపై 234 అను సంకలన సంఖ్య కనబడినచో అది నిసిన్ అని గ్రహింపవలెను.

అయినను ఇది వేడిమికి సహాయమే కాని ప్రత్యామ్నాయము కాదు. బీజములు చావక ఎదిగియుండవచ్చును కావున పాఠకులు ఉబ్బిన డబ్బాలోని ఆహారమును రుచియైనను చూడక పారవేయుదురు గాక.