ఉపగుత్తలు – బీమా – జవాబుదారీ

ఒక భవనం నిర్మాణంలో ఉన్నప్పుడు దాని ముందు బోర్డు మీద ఒకే గుత్తేదారు పేరు కనిపిస్తుంది. కాని లోపల పని చేసేవారు అనేకులు. పునాదుల తవ్వకం ఒకరిది, సెంట్రింగు మరొకరిది, ఇనుప చువ్వలు వంచి కట్టడం వేరొకరిది. ప్రధాన గుత్తేదారు ఈ పనులను ఉపగుత్తేదారులకు అప్పగిస్తాడు. వారు మేస్త్రీలకు, మేస్త్రీలు కూలీలకు అప్పగిస్తారు. మన పాలమూరు కూలీలు దేశంలో పలుచోట్ల ఆనకట్టలు కట్టడానికి తరలివెళ్ళినది కూడ ఇట్టి మేస్త్రీల ద్వారానే. పని ఇట్లు చేతులు మారుతూ పోగా, పరంజా కూలి కూలీ మరణిస్తే బాధ్యత ఎవరిది? బీమా ఎవరి పక్షాన నిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలను విడివిడిగా పరిశీలిద్దాము.

మొదటిదానికి చట్టం స్పష్టమైన సమాధానం ఇచ్చింది. ఒక వ్యాపారి తన వ్యాపారంలో భాగమైన పనిని ఇతరులకు గుత్తకిచ్చినప్పటికీ, ఆ పనిచోట ప్రమాదానికి గురియైన కూలీకి, తన స్వంత కూలీకి వలెనే నష్టపరిహారం చెల్లించాలని 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 12వ సెక్షను విధించింది. చెల్లించిన సొమ్మును ఉపగుత్తేదారు నుండి రాబట్టుకొనే హక్కు కూడ అతనికి ఇచ్చింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ సూత్రం నిలిచియున్నది.

ఈ సొమ్ము స్వల్పమైనది కాదు. 1923 చట్టం కింద లెక్కకు తీసుకొనే నెల జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలని 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్కన 30 ఏండ్ల కూలీ మరణిస్తే, జీతంలో సగమైన 7,500ను ఆ వయస్సుకు నిర్ణయించిన 207.98తో గుణించగా 15,59,850 రూపాయలు అవుతుంది. చిన్న గుత్తేదారుకు ఒక పని మొత్తం మీద అంత లాభం మిగలకపోవచ్చు.

చిక్కంతా రెండవ ప్రశ్నలో ఉన్నది. బాధ్యత చట్టం వలన కలుగుతుంది. బీమా రక్షణ పాలసీలో వ్రాసుకొన్నంత వరకే లభిస్తుంది. కూలీల పరిహార పాలసీకి ప్రీమియం, యజమాని చూపిన జీతాల మొత్తాన్నిబట్టి నిర్ణయమవుతుంది. ఉపగుత్తేదారు కూలీలను అందులో ప్రత్యేకంగా చేర్చి, అదనపు ప్రీమియం కట్టనిదే సాధారణంగా వారికి ఆ పాలసీ వర్తించదు. మేస్త్రీ తెచ్చిన కూలీల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేకపోతే వారిని చేర్చుట ఎట్లు?

నిర్మాణాలకు తీసుకొనే సర్వప్రమాద పాలసీ ఒకటి ఉన్నది గదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. అందులో మూడవ పక్షపు నష్టాలకు ఒక భాగమున్న మాట నిజమే. అది దారిన పోయేవారికి, పొరుగు ఇండ్లకు జరిగే హాని కోసం ఉద్దేశించినది. ఆ నిర్మాణంలో పాల్గొనే సంస్థల కూలీలను సాధారణంగా ఆ భాగం నుండి మినహాయిస్తారు.

ఉపగుత్తేదారుకు స్వంత పాలసీ ఉన్నా పూర్తి భరోసా లేదు. ఒప్పందం నాడు చూపిన పాలసీకి పని నడుమ గడువు తీరవచ్చు. అందులో పదిమంది కూలీలను చూపి, పనిలో ముప్పదిమందిని దింపవచ్చు. అప్పుడు ప్రధాన గుత్తేదారుకు మిగిలేది సొమ్ము రాబట్టుకొనే హక్కు మాత్రమే. ఆస్తి లేనివాని మీద ఆ హక్కు కాగితానికే పరిమితం. పరిహారం ఆలస్యమైతే వడ్డీయేగాక 50 శాతం వరకు అపరాధ రుసుము కూడ 1923 చట్టంలో ఉండెను. ఒక వాహన ప్రమాదం కేసులో, అట్టి రుసుమును బీమా సంస్థ భరించనక్కరలేదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి నివారణ ఏమిటి? పని అప్పగించడానికి ముందే ఉపగుత్తేదారు పాలసీ ప్రతి తీసుకొని, పనిచోటు, గడువు, కూలీల సంఖ్య సరిచూడాలి. తన పాలసీలోనూ వారిని చేర్పించాలి. ప్రతి కూలీ పేరు, జీతం హాజరు పట్టీలో ఉండాలి. గడువు తీరిన పాలసీని పునరుద్ధరించే వరకు బిల్లు నిలిపివేయాలి. ప్రమాదం జరిగిన వెంటనే బీమా సంస్థకు తెలియజేయాలి. వీటికి ఖర్చు అవుతుంది. తక్కువ ధరకు టెండరు వేసే పోటీలో ముందుగా కోతపడేది ఈ ఖర్చే. కావున పని చేయించుకొనే సంస్థలు కూడ టెండరు పరిశీలించునప్పుడు బీమా ఖర్చును విడిగా చూపించుమని కోరడం న్యాయం.

మన విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు, గణకులు, గుత్తేదారులు కాగలరు. 'బీమా', 'జవాబుదారీ' – ఈ రెండు మాటలూ ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడినవే. మొదటిది రెండవదానికి ఆసరా మాత్రమే. ఉపగుత్తేదారు ఊరు విడిచిపోయినా, పాలసీ గడువు తీరిపోయినా, చనిపోయిన కూలీ ఇంట మరునాడు పొయ్యి వెలగాలి. ఆ సంగతి ఒప్పందం మీద సంతకం చేసే నాడే తలచుకొనవలసియున్నది.