ఎండాకాలంలో గేమింగ్ పీసీ 90 దాటుతోందా? కూలర్ కొనేముందు ఈ లెక్క చూడండి

మే నెల వస్తే ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు మామూలే. రేకుల గదిలోనో, డాబా మీద గదిలోనో గేమింగ్ పీసీ పెట్టుకున్న తమ్ముళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, గేమ్ ఆడుతుంటే ప్రాసెసర్ 90 దాటుతోంది, లిక్విడ్ కూలర్ కొనాలా?" ఆరేడు వేలు పెట్టేముందు ఒక్క గంట కేటాయించండి. చాలాసార్లు ఆ ఖర్చు అవసరం ఉండదు.

ముందు తేడా లెక్కేయండి

ఎయిర్ కూలరైనా, లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్ వేడిని గదిలో గాలికే వదులుతుంది. కాబట్టి గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 68 చూపించిన పీసీ, అదే గేమ్‌లో మే నెలలో 40 డిగ్రీల గదిలో 86 చూపిస్తే దానికి జబ్బేమీ లేదు. రెండుసార్లూ తేడా 46 డిగ్రీలే. ఆ తేడా 55, 60కి పెరిగిందంటేనే లోపల ఏదో గడబిడ ఉన్నట్టు.

గది థర్మామీటర్‌ని క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోట పెట్టండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 ఆన్ చేసి, సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు నడపండి. రెండు అంకెలూ రాసిపెట్టుకోండి.

మీ ప్రాసెసర్ లిమిట్ కూడా తెలుసుకోండి. ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్‌కి 100 డిగ్రీలు, రైజెన్ 5 7600కి 95, రైజెన్ 5 5600కి 90. లిమిట్ తగిలితే చిప్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. గేమ్ మధ్యలో ఫ్రేమ్స్ పడిపోయేది అందుకే.

పాత రీడింగ్ లేకపోతే?

టెంపరేచర్ ఎలా పెరుగుతోందో చూడండి.

• లోడ్ పడిన సెకన్లలోనే 90కి ఎగబాకితే: కూలర్ సరిగ్గా కూర్చోలేదు, పుష్ పిన్ ఊడింది, లేదా లిక్విడ్ కూలర్ పంప్ తిరగట్లేదు.

• పావుగంటలో మెల్లగా పెరుగుతూ పోతే: పక్క ప్యానెల్ తీసి మళ్లీ అదే టెస్ట్ చేయండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే క్యాబినెట్‌లో గాలి ఆడట్లేదని అర్థం. ప్యానెల్ మాత్రం అలాగే వదిలేయకండి, దుమ్ము పడుతుంది.

• ప్యానెల్ తీసినా మార్పు లేకపోతే: హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము, లేదా ఎండిపోయిన థర్మల్ పేస్ట్.

దుమ్ము, పేస్ట్

బొగ్గు లారీలు తిరిగే కొత్తగూడెం, మణుగూరు, ఇల్లెందు రోడ్ల పక్కన ఇళ్లలో ముందు మెష్ నల్లగా పూడుకుపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. నెలకోసారి ఫిల్టర్ దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, లేకపోతే అది మితిమీరిన స్పీడ్‌తో తిరిగి పాడవ్వొచ్చు.

పేస్ట్ వేసి మూడు నాలుగేళ్లయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత వేయండి. రైజెన్ 5600 లాంటి ఏఎం4 ప్రాసెసర్లు వాడేవాళ్లు జాగ్రత్త: కూలర్‌ని నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు గేమ్ నడిపి పేస్ట్‌ని వేడెక్కనివ్వండి. తర్వాత పీసీ ఆపి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

పైసా ఖర్చు లేని మందు

బయోస్‌లో రైజెన్‌కి ఎకో మోడ్ ఆన్ చేయండి. ఇంటెల్‌కి పవర్ లిమిట్ తగ్గించండి. 12400ఎఫ్ టర్బోలో 117 వాట్ల దాకా పోగలదు, దాన్ని 65కి కట్టేయొచ్చు. గేమ్స్‌లో ఫ్రేమ్స్ పెద్దగా తగ్గవు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది.

ఇంట్లో నీళ్ల కూలర్ ఉంటే గది చల్లబడుతుంది, మంచిదే. కానీ దాని గాలి నేరుగా పీసీ మీదకి తగలనివ్వకండి, తుంపర్లు లోపలికి పోతాయి. కిటికీ తెరిచి ఉంచండి, లేకపోతే గదిలో తేమ పేరుకుపోతుంది.

మరి కూలర్ ఎప్పుడు కొనాలి?

ఇవన్నీ చేశాక కూడా లిమిట్ తగిలి ఫ్రేమ్స్ పడిపోతుంటే కొనండి. బాక్స్ కూలర్ వాడేవాళ్లకి చాలావరకు రెండు మూడు వేల టవర్ ఎయిర్ కూలర్ సరిపోతుంది. లిక్విడ్ కూలర్ ఐ7, ఐ9 లాంటి ఎక్కువ వాట్లు తాగే చిప్‌లకి దాచుకోండి. రోహిణి కార్తెలో అది కూడా 40 డిగ్రీల గాలితోనే పని చేయాలి మరి.