పేటెంటు దరఖాస్తుకు పటములు గీయుట ఎట్లు?

గొర్రుకో, గుంటకకో కొత్త అమరిక చేసి శ్రమ తగ్గించిన రైతులు, వడ్రంగులు, కమ్మరులు మన పల్లెలలో ఎందరో గలరు. 1970 నాటి పేటెంటు చట్టం ప్రకారం సేద్యపు పద్ధతికి పేటెంటు ఇవ్వరు. కాని పనిముట్టు నిజముగా కొత్తదై, ఆ పని తెలిసినవారికి సులభముగా తట్టనిదై, తయారీకి వీలైనదైనచో పేటెంటు పొందవచ్చును. నిర్ణీత రుసుములు చెల్లించుచున్నచో ఆ హక్కు దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరములు ఉండును.

దరఖాస్తులో పనిముట్టు వివరణతోపాటు పటములు జతపరుపవలెను. 2003 నాటి పేటెంటు నిబంధనలలో 15వ నిబంధన వీనిని గూర్చినదే. ముఖ్యాంశములు ఇవి:

1. పటములను మన్నికగల ఎ4 కాగితముపై శుభ్రముగా గీయవలెను. పైన, ఎడమవైపున 4 సెంటీమీటర్లు, క్రింద, కుడివైపున 3 సెంటీమీటర్లు తగ్గకుండ ఖాళీ విడువవలెను.

2. ఎడమవైపు పై మూలన దరఖాస్తుదారు పేరు, కుడివైపు పై మూలన మొత్తం కాగితముల సంఖ్య, ఆ కాగితపు వరుస సంఖ్య ఉండవలెను. కుడివైపు క్రింది మూలన దరఖాస్తుదారుగాని, అతని ఏజెంటుగాని సంతకము చేయవలెను.

3. భాగములు స్పష్టముగా కనబడునంత పెద్దదిగా గీయవలెను. కాని పటముపై కొలతలు వేయరాదు. వివరించు మాటలు వ్రాయరాదు. అవి వివరణలోనే ఉండవలెను.

4. పటములోని అంకెలు, వివరణలోని అంకెలు ఒకటే కావలెను.

ఉదాహరణకు, విత్తనం సమముగా రాలుటకు గొర్రు జడ్డిగంలో ఒక తిరుగుడు పలక అమర్చితిరనుకొనుడు. పటములో జడ్డిగమునకు 1, గొట్టములకు 2, పలకకు 3 అని అంకెలు వేయుడు. వివరణలోను ఆ పలకను 3 అనియే చెప్పుడు. పలక జడ్డిగం లోపల ఉండును గనుక వెలుపలి పటములో కానరాదు. మీ కొత్తదనమంతయు దానిలోనే ఉన్నది! కావున జడ్డిగమును నిలువుగా కోసినట్లు చూపు రెండవ పటము తప్పక గీయుడు. పూర్తి వివరణ దాఖలైన పిదప, అందులో లేని కొత్త భాగమును సవరణ పేరుతో చేర్చుటకు చట్టం ఒప్పుకొనదు.

పనిముట్టు ఇంకను మెరుగుపడవలసి యున్నచో ముందు తాత్కాలిక వివరణ దాఖలు చేసి, 12 నెలలలో పూర్తి వివరణ ఇవ్వవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారికి చెన్నైలోని పేటెంటు కార్యాలయము వర్తించును. దరఖాస్తు పెట్టక ముందే సంతలో అందరికీ చూపినచో కొత్తదనము పోయి, హక్కు దక్కకపోవచ్చును. గ్రామాధికారులు ఈ సంగతి తమ ఊరి పనివారికి ముందుగానే తెలుపవలెను. మొదట పటము, పిదపనే ప్రదర్శన.