ఇంజన్ కడుపులో గాలి

నీలి పొగ కక్కుతూ వచ్చిన పాత అంబాసిడర్‌ను చూసి అనంతపురంలో అనుభవమున్న మేస్త్రీ సైలెన్సర్ దగ్గరికి పోడు. బానెట్ ఎత్తి, ఇంజన్ ఆడుతుండగానే టాపిట్ కవర్ మీది ఆయిల్ మూత విప్పి, తిరగేసి అదే రంధ్రం మీద పెడతాడు. మూత కుదురుగా కూర్చుంటే సరే. ఉడుకుతున్న అన్నం గిన్నె మీది మూతలా ఎగిరెగిరి పడితే, లోపలి నుంచి పొగ గుప్పుగుప్పుమంటే, ‘బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది’ అంటాడు. వెంటనే ఓనరు గుండె జారుతుంది. ఎందుకంటే ఆ తర్వాత వినిపించే మాట ‘బోరుకొచ్చింది’ అనేది. రింగులు, పిస్టన్లు, బోరింగు పని, వేలల్లో ఖర్చు.

అయితే మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య చాలా దూరముంది. ఆ దూరంలో బొటనవేలంత వాల్వు ఒకటి ఉంది.

ఇంధనం మండే గదికీ, కింద క్రాంకు తిరిగే గదికీ మధ్య కదిలే గోడ పిస్టన్. దాని చుట్టూ సందులు మూసేవి రింగులు. 1850లలో ఆవిరి రైలింజన్ల కోసం జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంగ్లండు ఇంజనీరు రూపొందించిన, ఒకచోట తెగి ఉన్న లోహపు రింగు వీటికి ముత్తాత. తెగి ఉండటంలోనే తెలివంతా ఉంది. అదిమి సిలిండర్‌లోకి దింపితే స్ప్రింగులా విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. మంట రేగినప్పుడు ఆ పీడనమే రింగు వెనకకు చేరి దాన్ని గోడకేసి ఇంకా గట్టిగా నొక్కుతుంది. తోపు పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుందన్నమాట. అయినా తెగిన చోట సుమారు పావు మిల్లీమీటరు సందు వదలక తప్పదు. లేకపోతే వేడికి సాగిన కొసలు ఢీకొని సిలిండర్ గోడను గీరేస్తాయి. అందుకే షోరూం నుంచి ఇప్పుడే దిగిన బండిలో కూడా కొంత గ్యాసు కిందికి జారుతూనే ఉంటుంది.

అనంతపురంలో ఈ జారుడు త్వరగా ముదరడానికి కారణం ఆకాశంలోనూ నేలలోనూ ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే వర్షచ్ఛాయ ప్రాంతమిది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలే ఎర్రమట్టినీ లేపుతుంది. దర్గా హొన్నూరు దగ్గర వేదవతి ఇసుక పొలాల మీద దిబ్బలు కడుతుంది. ఆ ఇసుకలోని క్వార్ట్జ్ పోత ఇనుము కన్నా గట్టిది. పాత బండ్లలో, ట్రాక్టర్లలో ఉండే ఆయిల్ గిన్నె ఫిల్టరు ఈ దుమ్మును చక్కగా పట్టేది: గాలి కిందికి దూకి, నూనె మీద చటుక్కున మలుపు తిరిగి పైకి పోతుంది, బరువైన రేణువులు మలుపు తిరగలేక నూనెలో పడిపోతాయి. కానీ గిన్నెలో నూనె బురదైనా మార్చకుండా తిప్పితే దుమ్ము సిలిండర్లోకి చేరి, అక్కడి నూనెతో కలిసి రింగులకు ఆకురాయిగా మారుతుంది.

జారిన గ్యాసు ఎటు పోవాలి? పాతకాలంలో క్రాంకు గదికి ఒక గొట్టం బిగించి, కిందికి రోడ్డు వైపు వదిలేసేవారు. బండి పరుగెత్తేటప్పుడు గొట్టం మూతి దగ్గర గాలి వేగానికి పీడనం తగ్గి, లోపలి ఆవిరి బయటికి లాగబడేది. రైల్వే గేటు దగ్గర బండి ఆగితే ఆ లాగుడూ ఆగేది.

లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండించే పొగమంచు పట్టినప్పుడు, కాలని ఇంధనపు ఆవిర్లు ఎండలో ఓజోన్‌ను పుట్టించే తీరును 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త విప్పి చెప్పాడు. ఆ ఆవిర్లలో సుమారు ఐదో వంతు సైలెన్సర్ నుంచి కాదు, ఈ గొట్టం నుంచే వస్తోందని తర్వాత తేలింది. దాంతో గొట్టాన్ని తిప్పి ఇంజన్ గాలి పీల్చే దారికి కలిపారు. ఇక్కడే అసలు చిక్కు. స్లోలో ఉన్నప్పుడు ఆ దారిలో లాగుడు ఎక్కువ, జారే గ్యాసు తక్కువ. ఎత్తు ఎక్కుతూ యాక్సిలేటర్ పూర్తిగా తొక్కితే గ్యాసు ఎక్కువ, లాగుడు తక్కువ. అవసరమూ బలమూ ఎప్పుడూ ఎదురెదురే!

ఒక చిన్న ముల్లు, ఒక స్ప్రింగు ఉన్న ఆ బొటనవేలంత వాల్వు ఈ చిక్కును విప్పింది. బలమైన లాగుడు ముల్లును తనవైపు లాక్కుని తన దారిని తానే ఇరుకు చేసుకుంటుంది. లాగుడు బలహీనపడితే స్ప్రింగు ముల్లును వెనక్కి నెట్టి దారిని వెడల్పు చేస్తుంది. కార్బురేటర్‌లోంచి మంట ఎదురు తన్నితే ముల్లు వెనక్కి పడి దారి పూర్తిగా మూసుకుంటుంది, క్రాంకు గదిలోని ఆవిరి అంటుకోదు. కరెంటు లేదు, చెప్పేవాడు లేడు. యంత్రాల చరిత్రలో ఇంత తక్కువ లోహంతో ఇంత వివేకం చూపిన పనిముట్లు కొద్దే. ఇది కాలిఫోర్నియాలో 1961 మోడల్ కార్లతో వచ్చి, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

ఈ వాల్వు జిగట మసితో మూసుకుపోతే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ కూడా ముసలిదానిలా కనిపిస్తుంది. కడుపులో పీడనం పెరిగి ఆయిల్ సీళ్లను తోసుకుని కారుతుంది, గేజు కడ్డీ పైకి లేస్తుంది, ఎయిర్ ఫిల్టరు నూనెతో తడుస్తుంది. తెరుచుకునే ఉండిపోతే నూనె ఆవిరి నేరుగా సిలిండర్లోకి పోయి నీలి పొగ వస్తుంది. అందుకే ముందు వాల్వు విప్పి చెవి దగ్గర ఊపి చూడాలి. గలగలమనకపోతే అది అతుక్కుపోయినట్టే. గలగలమంటే పొగ ఎప్పుడొస్తోందో గమనించాలి. తెల్లారి స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగితే ఇంజన్ వాల్వుల సీళ్ల మీద, లోడు మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగుల మీద అనుమానం. ఆ తర్వాతే కంప్రెషన్ గేజు. తగ్గిన సిలిండర్లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలిస్తే గేజు ముల్లు పైకి లేచిందా, రింగులే అరిగాయి. లేవలేదా, పైన ఇంజన్ వాల్వుల్లో, గాస్కెట్లో లోపముంది.

పాత డీజిల్ ఇంజన్లకు లాగే దారి లేదు కాబట్టి క్రాంకు గది బ్రీతరు గొట్టం నుంచి పల్చటి ఆవిరి వస్తే దాన్ని జబ్బు అనుకోకూడదు. 2020లో బీఎస్-6 ఉద్గార నిబంధనలు వచ్చాయి. ఇప్పటి బండ్లలో ఆ గొట్టం బయటికి కనిపించదు.

షెడ్డులో మేస్త్రీ బ్రీతరు గొట్టాన్ని కిరోసిన్‌లో నానబెట్టి, తీగతో లోపలి తారులాంటి ముద్దను తోడి, మళ్లీ బిగిస్తాడు. స్టార్ట్ చేసి ఆయిల్ మూతను తిరగేసి రంధ్రం మీద పెట్టి, ఓనరును దగ్గరికి రమ్మని పిలుస్తాడు.